కట్ అయ్యేలోపు

దుబాయిలో నెట్ ఎప్పుడూ పోదట. మా ఆయన తిరిగొచ్చిన ఐదు నెలల్లో నాతో ఎక్కువసార్లు అన్న మాట అదే. మెట్‌పల్లిలో కోతులు కరెంటు స్తంభాల మీది ఫైబర్ వైరును కొరికినప్పుడల్లా, టీవీ ఆగిపోయినప్పుడల్లా అదే పాట. వినీ వినీ నాకు విసుగొచ్చేసింది. ఇక్కడి కేబులాయన పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రం బండి మీద వస్తాడు. నిచ్చెన వేసి వైరు అతికించి, చాయ్ తాగి పోతాడు. అక్కడైతే కంపెనీ మనిషి చెప్పిన టైముకే వచ్చి, బూట్లకు కవర్లు తొడుక్కుని మరీ లోపల అడుగు పెడతాడట. అంత మర్యాద మనకెక్కడ దొరుకుతుంది అంటాడు. దొరకదు, నిజమే. ఏం చేయమంటాడు నన్ను?

అక్కడి సంగతి నాకు తెలియనిదా? పదిహేనేళ్లు ఫోన్‌లోనే కాపురం చేసినదాన్ని. గదికి ఎనిమిది మంది, అందరికీ కలిపి ఒకటే కనెక్షన్. నెట్టూ టీవీ రెండూ ఒకే డబ్బాలోంచి వచ్చేవి. ఇక్కడ ఏడున్నరకు సీరియల్ మొదలయ్యేసరికి ఆయన ఇంకా పని నుంచి కంపెనీ బస్సులో వస్తూ ఉండేవాడు. గదికి చేరాక ఒకరు క్రికెట్ అంటే ఒకరు మలయాళం వార్తలు అనేవారు. కానీ ఆ డబ్బా వారం రోజుల కార్యక్రమాలు దాచిపెట్టేదట. సెలవు రోజున సీరియల్ మొత్తం వరుసబెట్టి చూసేవాడు. నేను అప్పటికే చూసేసి ఉండేదాన్ని కాబట్టి, కథ ముందే చెప్పొద్దని బతిమాలేవాడు.

అన్నీ ఉన్న ఆ ఊళ్లో మనం మామూలుగా చేసుకునే వీడియో కాల్ మాత్రం నడవదు. అక్కడి సర్కారు ఒప్పుకోదు. వాళ్లు ఏవేవో వేరే యాప్‌లు వేసుకునేవారు. అవి నాలుగు రోజులు నడిచి ఆగిపోయేవి. మాట్లాడుతుండగానే బొమ్మ కదలకుండా నిలిచిపోయేది, సగం మాటలో గొంతు పోయేది. అందుకే ఫోన్ కలవగానే ఆయన ముఖ్యమైనవన్నీ గబగబా చెప్పేసేవాడు. తిన్నవా, ఎండల తిరగకు, నీ మీద పానం గుంజుతున్నది. పక్కన ఏడుగురు ఉన్నారన్న సిగ్గు కూడా ఉండేది కాదు. నేనూ అంతే. మంచీ చెడూ ఏదీ రేపటికి దాచుకునేదాన్ని కాదు.

ఇప్పుడు మనిషి ఇంట్లోనే ఉన్నాడు. రిమోట్ పట్టుకుని టీవీ ముందు కూర్చుంటాడు. నేను అంగన్‌వాడీ టీచర్ని. రోజంతా పిల్లల బరువులూ ఎత్తులూ ఫోన్‌లోకి ఎక్కించి, కళ్లు మండుతూ ఇల్లు చేరితే, అన్నం పెడుతవా అని ఒక్క మాట. ఆ తర్వాత మళ్లీ టీవీ. బిడ్డ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటోంది. దానితో కూడా ఫోన్‌లోనే బాగా మాట్లాడతాడు. నాతో ఎందుకు మాట్లాడవని ఒకరోజు అడిగేశాను.

"ఏం మాట్లాడాలె? రోజు సూస్తనే ఉన్నవు గద," అన్నాడు.

ఒళ్లు మండింది. కానీ పోట్లాడాలన్నా ఓపిక ఉండాలి కదా, నాకది లేదు.

మొన్న మధ్యాహ్నం సెంటర్లో పిల్లలకు గుడ్లు పెడుతుంటే ఆయన నుంచి వీడియో కాల్ వచ్చింది. ఎన్నడూ లేనిది ఇదేంటని గుడ్ల గిన్నె పక్కన పెట్టి ఎత్తాను. చూస్తే బస్టాండు పక్కనున్న వీసా ఏజెంటు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మా సెంటర్ నుంచి అక్కడికి నడిస్తే పది నిమిషాలు.

"తిన్నవా?" అన్నాడు ముందుగా. నేను జవాబిచ్చే లోపే గబగబా అందుకున్నాడు. "పాస్‌పోర్టు ఇచ్చిన. పాత కంపెనీలనే పని ఉన్నదంటున్నరు. ఇంట్ల చెప్దమంటే నోరు లేస్తలేదు. నాకు గీడ పొద్దు పోతలేదు, నీకు నేను బరువైతున్న. గా సంగతి నాకు ఎరుకే. నువ్వు వద్దంటే గిప్పుడే వాపస్ తీసుకుంట. చెప్పు."

ఐదు నెలల్లో ఇన్ని మాటలు నేను వినలేదు. కోపం రావాలి నాకు. రాలేదు. ఆ చిన్న తెరలో ఆ ముఖం చూడగానే ప్రాణం లేచొచ్చింది. పదిహేనేళ్లు నాతో కాపురం చేసింది ఈ మనిషే. ఇంట్లో సోఫాలో కూర్చునే ఆయన ఎవరో నాకింకా తెలియదు. నిజం చెప్పాలంటే, తెలుసుకునే ఓపిక కూడా లేదు. వద్దు, ఇంటికి రా అంటే వచ్చేసేవాడు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"పోతె పో. రోజు ఫోన్ మాత్రం చెయ్యి," అన్నాను.

ఎదురుగా ఉంటే అంత తేలిగ్గా అనగలిగేదాన్ని కాదు. ఆయన ముఖం చిన్నబోయింది. నేను వద్దంటానని ఆశపడ్డాడని అప్పుడు తెలిసింది నాకు. నన్నే చూస్తూ కూర్చున్నాడు. బొమ్మ ఎక్కడా ఆగలేదు, అంతా స్పష్టంగా కనిపిస్తోంది. పిల్లలు అన్నం కోసం పిలుస్తున్నారని చెప్పి, నేనే కట్ చేశాను.