తక్కువ రాసిన లచ్చిరాం

2004. కొత్తగూడెం వైపు ఒక బొగ్గు గనుల ఊళ్లో, కార్మికుల ఆసుపత్రి మగవాళ్ల వార్డులో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. అప్పటికి పద్నాలుగేళ్ల సర్వీసు. నోరు కొంచెం పెద్దదే. డాక్టరుగారికంటే నాకే ఎక్కువ భయపడతారని వార్డులో చెప్పుకునేవారు. అది విని లోలోపల సంతోషించేదాన్ని కూడా.

మా ఆసుపత్రిలో అందరి నోటా నలిగే మాట ఒకటుండేది: ‘అన్‌ఫిట్’. జబ్బువల్ల ఫలానావాడు ఇక గనిలో పని చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, అతని బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం దొరికే వీలుండేది. అందుకని నడుం కాస్త పట్టేసినవాడు మంచం దిగలేనట్టు మూలిగేవాడు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను, ఉద్యోగమంటే ఇల్లంతటికీ అన్నం. కానీ ఎవరేం చెప్పినా అందులో సగం కొట్టేసి వినడం నాకు అలవాటైపోయింది. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, నాకు రోగులందరూ దొంగరోగులే.

అలాంటప్పుడు వచ్చాడు లచ్చిరాం. జూలూరుపాడు దగ్గర తండావాడు, భూగర్భ గనిలో బొగ్గు నింపే పని, ముప్పై ఆరేళ్లు. రెండేళ్లుగా రక్తవిరేచనాలు. అమీబా అనుకుని ఊళ్లో మింగని మాత్ర లేదు. మా డాక్టరుగారు కొలనోస్కోపీ చేయించారు, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం. అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది. పేగు లోపలి పొర పుండ్లు పడుతుంది. మందులతో అణుగుతుంది, మళ్లీ లేస్తుంది, పూర్తిగా మాత్రం పోదు. మందులిచ్చి ఇంటికి పంపుతూ, ఒక పుస్తకంలో స్టూల్ చార్ట్ రాసి వారం వారం తెచ్చి చూపమన్నాం. రోజుకు ఎన్నిసార్లు వెళ్లాడు, రక్తం పడిందా లేదా అని రోగే రాసుకునే లెక్క అది.

మొదటి వారమే భార్య కమిలి, తమ్ముడు శంకర్ నా టేబుల్ దగ్గరికి వచ్చారు. శంకర్ డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు.

“సిస్టర్, అన్న కేసు జర గట్టిగ రాయిండ్రి. బోర్డుకు పోవాలె గద,” అన్నాడు.

“ఇక్కడ కథలు రాయరు బాబూ,” అని కసిరి పంపాను. ఇంకో దొంగరోగి దొరికాడనుకున్నాను.

కానీ లచ్చిరాం పుస్తకంలో లెక్క వారం వారం తగ్గుతూ వచ్చింది. ఆరు, నాలుగు, మూడు, రెండు. నాకు ఆశ్చర్యం వేసింది, ఆ తర్వాత ముచ్చటేసింది. ఐదో వారం ఒక్కడే వచ్చి, తల గోక్కుంటూ నిలబడ్డాడు.

“సిస్టరమ్మా, ఫిట్‌నెస్ చీటీ గావాలె. కంపెనీ ఆటల పోటీలల్ల ఇరవై కిలోమీటర్ల ఉరుకుడు ఉన్నది. తొమ్మిదేండ్ల సంది ఉరుకుతున్న.”

“కడుపు ఇలా ఉంటే పరుగేందయ్యా?”

“గనిల దిగితే భయమైతది, ఆడ దొడ్డికి పోయే జాగ ఉండదు. ఇంట్ల రోగినే. ఉరికేటప్పుడే నేను మంచిగున్ననిపిస్తది. ఇంట్ల మాత్రం వద్దంటున్రు. గంతమంది ముందట ఉరికితే బోర్డు నమ్మదని తమ్ముని బాధ.”

నా మనసు కరిగిపోయింది. ఊరంతా అన్‌ఫిట్ కోసం తిరుగుతుంటే ఫిట్ అనిపించుకోవడానికి వచ్చిన ఒకే ఒక్క మనిషి! డాక్టరుగారు “రక్తపరీక్ష చేయిద్దామా?” అన్నారు. “చార్ట్ చూడండి సార్, శుభ్రంగా ఉంది. ఇతను అబద్ధాలాడే రకం కాదు,” అన్నాను. ఆయన సంతకం పెట్టారు.

పోటీకి వారం ముందు లచ్చిరాంను జీపులో వేసుకొచ్చారు. అడవి రోడ్డు మీద ప్రాక్టీసు చేస్తూ పడిపోయాడట. కనురెప్ప కిందికి లాగి చూస్తే పాలిపోయి తెల్లగా ఉంది. రక్తం ఎక్కించడం మొదలుపెట్టాక కమిలి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

“రోజుకు ఎన్మిది సార్లు పోతుండు సిస్టర్. బుక్కుల రెండే రాస్తుండు. ఉరికే ముందురోజు అన్నం గూడ ముట్టడు, నడుమ ఆగాల్సి వస్తదని.”

మర్నాడు అతను తేరుకున్నాక మంచం పక్కన కూర్చున్నాను. కోపం నాకు మామూలే కానీ, ఆ రోజు నా మీద నాకే వచ్చింది.

“నాకెందుకు చెప్పలేదు లచ్చిరాం?”

“నిజం రాస్తే బోర్డుకు పంపుతరు, ఇంట్ల కూసోబెడ్తరు అని భయం.” నా వైపు తిరిగి అన్నాడు: “మీరు అందర్ని, ఎక్కువ చెప్తున్నవా అని అడుగుతరు సిస్టరమ్మా. తక్కువ చెప్తున్నవా అని నన్ను ఒక్కపారి గూడ అడగలె.”

లేచి వెళ్లాను. పరీక్ష వద్దనడం నా తప్పేనని డాక్టరుగారి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. మందులు మార్చారు. మరుగుదొడ్డి అందుబాటులో ఉండేలా గనిపైన పని ఇమ్మని రాశారు. పేగు శాంతించాక పరుగు పెట్టవచ్చన్నారు, కాకపోతే తినే పరుగెత్తాలి, అవసరమైతే ఆగాలి.

మరుసటి ఏడాది పోటీలో అంబులెన్సు డ్యూటీ అడిగి వేయించుకున్నాను. లచ్చిరాం దారిలో రెండుసార్లు చెయ్యెత్తి, అందరూ చూస్తుండగానే చెట్లలోకి వెళ్లి వచ్చాడు. ఎవరో నవ్వారు. అతను పట్టించుకోలేదు. చివరి నుంచి మూడోవాడిగా చేరాడు. శంకర్ నీళ్లు పట్టుకుని ఎదురెళ్లాడు.

“చూసిండ్రా సిస్టర్, మా అన్నతోపాటు నా నౌకరి గూడ ఉరికిపాయె!” అన్నాడు నవ్వుతూనే. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి, అవి అన్న కోసమో ఉద్యోగం కోసమో నేను అడగలేదు.

అబద్ధం ఎటువైపు నుంచి వస్తుందో నాకు బాగా తెలుసనుకునేదాన్ని. లచ్చిరాం అబద్ధం అటువైపు నుంచి రాలేదు. ఆ తర్వాత నేను కేస్ షీట్ రాసే పద్ధతే మారింది. ముందుగా, “ఉన్నదున్నట్టు చెబితే నీకేం నష్టం జరుగుతుందని భయం?” అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా పెన్ను మూత తీయను.