సంత దర్జీ గుండె

కాజాలు పగటి వెలుతురులోనే కుట్టాలి. బడి కూడా పగలే. యాభై ఆరేళ్లు వచ్చేదాకా నాకు రాత రాకపోవడానికి ఇంతకు మించిన కారణం లేదు. మా నాన్న తెలంగాణ హద్దుకు ఇవతల, భోపాలపట్నంలో దర్జీ. నాకు ఆరేళ్లు నిండేసరికి నా వేళ్లు చిన్నవనీ చురుకైనవనీ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. బడి గంట వినబడే వేళకు నేను గడప దగ్గర వెలుతురు పడే చోటు చూసుకుని, ఒళ్లో చొక్కా పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరూ బలవంతపెట్టలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆ పని ఇష్టం కూడా. పెళ్లి మరో దర్జీతోనే అయింది. ఒక గడప నుంచి ఇంకో గడపకు మారాను, అంతే.

అంకెలు మాత్రం వచ్చు. టేపు మీద ఉంటాయి కదా. ఒకటి నుంచి అరవై దాకా చూడగానే గుర్తుపడతాను. మా టేపు రెండోవైపు ఎప్పుడో అరిగి తెల్లబడిపోయింది కాబట్టి అరవై తర్వాత లోకంలో ఏముందో నాకు తెలియదు. ఆ సంగతి ఒక డాక్టరమ్మ ముందు బయటపడింది.

మా ఆయన సంత దర్జీ. తొక్కుడు మిషన్‌ను బండికెక్కించి వారానికి మూడు సంతలకు వెళ్తాడు. ఓ పట్టా పరిచి, పైన పరదా కట్టుకుని కూర్చుంటే జనం అప్పుడే కొన్న గుడ్డతో వచ్చి నిలబడతారు. అక్కడికక్కడే కుట్టి ఇస్తాడు. తెలుగు, హిందీ, గోండి, దోర్లి అన్నీ కలిపి మాట్లాడుతూ, నవ్విస్తూ కుడతాడు. కాజాలు ఉంటే ఇంటికి తెస్తాడు, అవి నావి. పోయినేడు ఆయన పాదాలు వాచాయి. మిషన్ తొక్కితే ఆయాసం వచ్చేది. నేనూ మా కోడలూ ఆయనను గోదావరి వంతెన దాటించి తెలంగాణ వైపు ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. కోడలిది ఆ ఒడ్డే. మా వైపు బడుల్లో హిందీయే, ఆమె మాత్రం అక్కడి బడిలో తెలుగు చదువుకుంది.

డాక్టరమ్మకు ముప్పై ఏళ్లుంటాయేమో. బల్ల మీద మందుల కాగితాల పక్కన ఒక కథల పుస్తకం బోర్లించి ఉంది. ఆమె ఆయన ఛాతీ మీద ఏదో జిగురు రాసి, తెర మీద గుండెను చూపించింది. బూడిద రంగులో ఒక ముద్ద ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంది.

"గిదేనా?" అన్నాను. "ముప్పై ఐదేండ్ల సంది నా మీద కోపం దాచుకున్నది గిదేనా?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక చేతిలోది పక్కన పెట్టింది. "కోపం ఈ తెర మీద కనబడదమ్మా. అది మీరు చెప్తేనే నాకు తెలుస్తది" అంది. తర్వాత తన చెవిగొట్టం నా చెవులకు పెట్టి ఆయన గుండె వినిపించింది. మిషన్ బెల్టు సాగితే చక్రం మధ్యమధ్య జారుతుంది. అచ్చం అదే చప్పుడు.

"బెల్టు సాగింది" అన్నాను.

"నేనైనా ఇంత బాగా చెప్పలేను" అంది ఆమె. గుండెకు బలం తగ్గిందనీ, ఒంట్లో నీరు నిలిచిపోయి కాళ్లలోకి దిగుతోందనీ చెప్పింది. ఆ నీరు మూత్రంలో పోయేలా పొద్దున పూట వేసుకోమని నీళ్ల గోలి రాసింది. రోజూ లేవగానే బరువు చూసి నోటుబుక్కులో రాయమంది. పక్కనే ఆ రోజు ఎలా గడిచిందో కూడా ఒక ముక్క రాయమంది.

"నాకు రాత రాదమ్మా. అంకెలొస్తయి, అరవై దాక."

ఆయన బరువు అరవై నాలుగు. గదిలో అందరం నవ్వాం. తిరుగు ప్రయాణంలో తర్లగూడ వచ్చేలోపు కోడలు నాకు అరవై ఒకటి నుంచి నూరు దాకా నేర్పేసింది.

రోజు సంగతి మాత్రం కోడలే రాస్తుందనుకున్నాను. నాలుగు రోజులు రాసి పెన్ను నా ముందు పెట్టింది. "పొద్దుగాల నాకు పొయ్యి కాడ పనుంటది. నీ మొగని గుండె నువ్వే రాసుకో అత్తమ్మా."

"యాభై ఆరేండ్లకు అక్షరాలా?"

"నీకు సూదిల దారం ఎక్కిచ్చుడు ఎట్లాగో అయితలేదు. పగలంత ఖాళీయే గద?"

ఆ మాట నిజం. కళ్లు మసకబారి సన్నటి కాజాలు కుట్టడం తగ్గింది. కాజాలు నా దగ్గర నుంచి తీసుకున్న పగటి వెలుతురు ఇన్నాళ్లకు తిరిగొచ్చింది. దర్జీ సుద్దతో నల్లగుడ్డ మీద మొదలుపెట్టాను. తెలుగు అక్షరాలు నాకు కొత్తగా అనిపించలేదు. మెడ గీసినట్టు ఒకటి, చంక గీసినట్టు ఒకటి, కాలరు తిప్పినట్టు ఇంకొకటి. అన్నీ గుండ్రాలే, చేతికి అలవాటైనవే. మా ఆయన పక్కనుంచి చూసి, "గిది అక్షరమా, పిలగాని లాగుకు కోతా?" అని ఎగతాళి చేసేవాడు. నెల తిరిగేసరికి "కూర తిన్నాడు" అని రాశాను. ఇంకో నెలకు "కూరలో ఉప్పు లేదని అలిగాడు, మళ్లీ తిన్నాడు" అని రాశాను. రెండో వాక్యం రాసిన రోజు పండగలా అనిపించింది.

రాయడం మొదలుపెట్టాక ఒక విషయం గమనించాను. సంత మరుసటి రోజు బరువు పెరుగుతోంది. ఇంట్లో ఉన్న రోజుల్లో కాస్త తగ్గుతోంది. డాక్టరమ్మ కూడా అదే చూసి, "ఇట్లనే పెరిగితే సంతలు మానెయ్యాల్సి వస్తది" అంది. తిరుగు బస్సులో ఆయన మా వైపు వీపు పెట్టి, కిటికీలోంచి దారి చూస్తూ కూర్చున్నాడు. మామూలుగా అయితే దిగేలోపు బస్సంతా ఆయనకు చుట్టమైపోతుంది.

వారం తర్వాత మనవడి చొక్కాకు తెల్ల బటన్ కావలసి వచ్చి మిషన్ సొరుగులోని బటన్ల డబ్బా చాపమీద కుమ్మరించాను. ఏరుతుంటే కొన్నింటికి రంధ్రాలు లేవు. అద్దాలు పెట్టుకుని చూశాను. బటన్లు కావు, నీళ్ల గోలీలు. అప్పుడే ఆయన లోపలికొచ్చాడు.

"గివి ఏంది?" అన్నాను.

"బటన్లు."

"బొక్కల్లేని బటన్లా? గివి ఎట్ల కుడ్తవ్, జిగురు పెట్టా?"

ఆయన నా ఎదురుగా కూలబడ్డాడు. "ఆ గోలి ఏసుకుంటే అర్ధగంటకోసారి లేవాలె. మిషన్ యాడ ఇడిచిపెట్టి పోవాలె? గుడ్డ సూది కింద ఉంటది, మనిషి ముందట నిలబడి ఉంటది. అందుకే సంత రోజు ఎయ్య."

"మరి పారేయకపోయినవా?"

"మందు పారేస్తరా ఎవరన్న?"

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆయన గొంతు తగ్గించాడు. "రాయకు. రాస్తే డాక్టరమ్మ సంత బందు పెడ్తది. నీకు రాత వచ్చింది నా మీద చాడీలు రాసెటందుకేనా?"

రెండు రోజులు బరువొక్కటే రాశాను. రాయకపోతే ఆయన కాళ్లలోకి నీరు దిగుతుంది. రాస్తే సంత పోతుంది. సంత లేకపోతే ఆ మనిషి ఎలా ఉంటాడో వానలకు వాగులు పొంగి దారులు మూసుకుపోయినప్పుడు చూశాను. కాళ్లు బాగానే ఉన్నా మంచం దిగడు. ఏ గుండెను కాపాడాలో తోచలేదు. మూడో రోజు డాక్టరమ్మ అన్న మాట గుర్తొచ్చింది. తెర మీద కనబడనిది మీరు చెప్తేనే తెలుస్తది అంది కదా. అయితే సగం కాదు, అంతా చెప్పాలి.

ఐదు పేజీలు రాశాను. డబ్బా సంగతి రాశాను. ఆయన ఎందుకు వేసుకోలేదో రాశాను. సంత నుంచి వచ్చి ఆయన నాకు చెప్పే కబుర్లూ రాశాను. బుధవారం సంతకు దోర్ల తెగ ముసలమ్మ ఒకామె వస్తుంది. ఒకటే ఎర్ర రైక. ఒక వారం వదులు చేయమంటుంది, మరో వారం బిగించమంటుంది. ఆమె ఇంట్లో ఒక్కతే ఉంటుంది. అది మాట్లాడడానికి వచ్చిన రైక అని ఆయనకు తెలుసు. అయినా ప్రతిసారీ కుట్టు ఊడదీసి, కొలత చూసి, మళ్లీ అక్కడే వేస్తాడు. అది అయ్యేలోపు ఆమె వారం కబుర్లన్నీ అయిపోతాయి. ఆమె రాని బుధవారం ఆయన అన్నం సగమే తింటాడు. ఇదంతా రాసి కోడలికి చూపించాను.

"డాక్టరమ్మ అడిగింది ఒక్క ముక్క, నువ్వు తాన్లకు తాన్లు కుట్టినవ్" అంది. కానీ ముసలమ్మ దగ్గరకొచ్చేసరికి రెండుసార్లు చదివింది.

ఆ మంగళవారం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ చదువుతుంటే మా ఆయన తప్పు చేసిన పిల్లవాడిలా గోడకు వేలాడే బొమ్మను చూస్తూ కూర్చున్నాడు. అది లోపల నుంచి గీసిన గుండె బొమ్మ. బటన్ల దగ్గర ఆమె పెద్దగా నవ్వింది. తర్వాతి పేజీల్లో నవ్వలేదు. నోటుబుక్కు మూసి, ఆయన కాళ్లు నొక్కి చూసి, ఛాతీ విని, అప్పుడు అడిగింది.

"పెద్దయ్యా, సంత నుంచి ఇంటికి ఎన్నింటికి వస్తరు?"

"రెండు, రెండున్నర."

"సంత రోజు గోలి ఇంటికొచ్చినంక వేసుకోండి. మిగతా రోజులు పొద్దున్నే."

ఆయన నమ్మలేనట్టు చూశాడు. "గంతేనా? మరి సంత?"

"సంత కూడా మందే అని ఇక్కడ రాసి ఉంది" అని నోటుబుక్కు చూపించింది. "అట్లని మళ్లీ బటన్లు చేస్తే ఊరుకోను. ఒక నెల చూస్తా. ఇంకోటి, ఊకే మిషన్ మీద కూర్చోవద్దు. గంటకోసారి లేచి నడవాలె. అప్పుడు మిషన్ చూసే మనిషి కావాలె కదా, ఎవరున్నరు?"

ఆయన నోరు తెరిచేలోపు కోడలు అందుకుంది. "మా అత్తమ్మ ఉన్నది. రాసుడు మాత్రం ఇంట్ల కూసొనే చెయ్యాల్నా ఏంది?"

ముప్పై ఐదేళ్లలో నేను ఆయన సంత చూడలేదు. నా పని ఎప్పుడూ గడప దగ్గరే.

మర్నాడు బుధవారం. లేచి ఆయనను తూకం మీద నిలబెట్టాను. అరవై ఐదు. రాశాను. గోలిని కాగితంలో చుట్టి, ఇంటికొచ్చాక కనబడేలా బియ్యం డబ్బా మీద పెట్టాను. టేపు మెడలో వేసుకున్నాను. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని మిషన్ పక్కన బండెక్కాను.

సంతలో ఎండ ఎక్కాక ఆయనను లేపి నడవమని తోలాను. నేను మిషన్ ముందు కూర్చున్నానో లేదో ఎర్ర రైక పట్టుకుని ముసలమ్మ వచ్చింది. నన్ను కిందికీ పైకీ చూసి, నవ్వి, తన దోర్లి మాటల్లో అడిగింది. "రాత నేర్చిన పెండ్లాం నువ్వేనా? నీ మొగడు ప్రతి సంతకూ నీ అక్షరాలే చెప్తడు. నిన్న ఏది నేర్చిందో, నేడు ఏది నేర్చిందో."

లాగు కోత అని ఎగతాళి చేసిన మనిషి! దూరంగా చేతులు వెనక్కి కట్టుకుని, పెద్ద దొరలా నడుస్తున్నాడు. తిట్లు ఇంటికెళ్లాక అనుకుని, మెడలోని టేపు చేతిలోకి తీసుకున్నాను.

ముసలమ్మకు కొలత తీశాను. రాసుకోవడానికి వేరే కాగితం లేదు. నోటుబుక్కు తెరిచి, ఆయన బరువు కింద, "ఎర్ర రైక, ముప్పై రెండు, ఈసారి వదులు" అని రాసి, కుట్టు ఊడదీయడం మొదలుపెట్టాను. ఆమె పట్టా మీద నా పక్కన కూర్చుని వారం కబుర్లు ఎత్తుకుంది.