పాలపిట్ట కోసం గుట్టెక్కిన దసరా

మేళ్లచెరువు దగ్గర మా ఊరి వెనక గుట్ట పెద్ద ఎత్తేం కాదు, పొడుగ్గా సాగి ఉంటుంది. సున్నపురాయి పొరలు పొరలుగా లేచి, మధ్య మధ్య సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు. పైకెక్కితే ఒక పక్క సాగర్ కాలువ కింద పచ్చటి వరి, ఇంకో పక్క దుమ్ముకు తెల్లబడ్డ కంపచెట్లు. అక్కడి ఏటవాలు బండ మీద జారి జారి ఎన్ని గౌన్లు, లాగులు చింపుకున్నామో అమ్మకే తెలుసు. ఆ గాలి తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

దసరా సాయంత్రం ఊరంతా నీలి రెక్కల పాలపిట్టను చూడటానికి అక్కడికే వచ్చేది. చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని నమ్మకం. ఒక ఏడు నాయనమ్మ మోకాళ్ల నొప్పులని పిట్టను చూడకుండానే దిగిపోయింది. ఆ ఏడే తాత పోయాడు. తనవల్లే పోయాడని ఆమె పట్టుదల. అప్పట్నుంచి మా ఇంట్లో అందరికీ కనబడేదాకా ఎవరూ దిగకూడదు. ఇంట్లో మాంసం కూర చల్లారిపోతుంటే నాకు ఒళ్లు మండేది.

తొంభైల్లో ఒక దసరాకు నాయనమ్మ నా భుజం పట్టుకుని గుట్టెక్కింది, అమ్మా నాయనా మా వెనకే వచ్చారు. రాయి లారీ నడిపే నాయనకు అప్పటికి ఎన్నాళ్లనుంచో దగ్గు. సూర్యాపేటలో ఛాతీ ఫోటో తీయించారు. డాక్టరు ఏమన్నాడో పిల్లలకు చెప్పలేదు. నాయనమ్మ మాత్రం కొడుకు కోసం పిట్టను చూడాల్సిందేనంది.

పొద్దు వాలింది. జనం దిగిపోయారు. పిట్ట జాడ లేదు.

"అగో, గాడ!" అంటూ నాయనమ్మ చేతులు జోడించింది.

తుమ్మకొమ్మకు చిక్కుకున్న నీలం ప్లాస్టిక్ కవరు గాలికి కొట్టుకుంటోంది. ఆమె చూపు అంతగా తగ్గిందని మాకెవరికీ తెలియదు. అసలే నోరాగని దాన్ని, చెప్పబోయాను. అమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది. నాయన చెప్పులు విడిచి ఆ కవరుకు దండం పెట్టాడు.

"సూసినవా కొడుకా?"

"సూసిన అవ్వా. మంచిగ కనబడ్డది."

"ఇగ నీకేం కాదు" అని నాయనమ్మ నాయన వీపు నిమిరి, అమ్మ చెయ్యి పట్టుకుని దిగడం మొదలుపెట్టింది.

ఆమె కోసమే నటించాడనుకున్నాను. ఆమె దూరం వెళ్లిపోయింది కదా, ఇక రమ్మని పిలిచాను. నాయన కదల్లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, జోడించిన చేతులు దించకుండా, పెదాలు కదుపుతూ ఆ కవరు ముందే నిలబడి ఉన్నాడు. నాయనకు భయమేస్తోందని అప్పుడు తెలిసింది నాకు.