దారం కట్టిన తపాలా డబ్బా

1979 వానకాలంలో తపాలా శాఖ వారు నన్ను వరంగల్‌కు పబ్లిక్ రిలేషన్స్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. హోదా పేరు పెద్దదే కాని, పని ఉత్తరాల బట్వాడా మీద వచ్చే ఫిర్యాదులను స్వయంగా వెళ్ళి చూసి రిపోర్టు రాయడం. నా దగ్గరికి వచ్చిన తొలి ఫిర్యాదు ఖిలా వరంగల్ నుంచి. చేసింది మా పోస్ట్‌మన్ ఐలయ్యే.

అక్కడ సోమక్క అనే నేతపనామె ఉండేది. భర్త భివండిలో పవర్‌లూమ్ మీద పని చేస్తూ ఉత్తరాలు రాసేవాడు. ఏదో జ్వరంతో ఆమెకు రెండు చెవులూ పోయాయి.

"ఎంత పిలిచినా పల్కది సార్. అరుగు మీద పెట్టిపోతే వానకు నానిపోతానయి. ఖరాబైతే జవాబు నేనే చెప్పాలె," అన్నాడు ఐలయ్య. ఇంటి బట్వాడా ఆపి, ఆమెనే పోస్టాఫీసుకు రమ్మనాలని అతని కోరిక.

ఇంటి డబ్బాకు మేము కోరేవి కొన్నే. పోస్ట్‌మన్ లోపలికి అడుగు పెట్టకుండా వీధిలోంచే అందాలి. నోరు ఛాతీ ఎత్తులో, ఇన్‌లాండ్ లెటరు మడవకుండా పట్టేలా ఉండాలి. వాన దిగని మూత, తాళం, ఇంటివారి పేరు ఉంటే చాలు.

మేము వెళ్ళిన పొద్దున సన్నగా తుంపర పడుతోంది. చూర్ల కింద ఆరేసిన రంగు నూలు చిలపలు గాలికి కదులుతుంటే, ఆ సందంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు అనిపించింది. సోమక్క గుంట మగ్గం మీద జంపఖానా నేస్తోంది. ఐలయ్య చేతులతో సైగలు చేసి విషయం చెప్పాడు. తన గొంతు తనకు వినపడదు గనక ఆమె గట్టిగా మాట్లాడింది.

"వీధి గోడ కోట రాయి, సర్కారోళ్ళు మొల కొట్టద్దంటరు. ఇంట్ల పెడితే ఈ అన్న రాడు. మరి నేనేడ పెట్టాలె సారూ? మగ్గం ఇడిసి రోజూ పోస్టాఫీసుకొస్తే ఎవలు నేస్తరు?"

గోడకు తగలకుండా నేలలో గుంజ పాతి డబ్బా బిగించమని నేనూ సైగలతోనే చెప్పాను. ఎత్తు ఎంతో నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపాను. ఆమె ముఖం తేటపడలేదు.

"పెడ్త. ఉత్తరం పడ్డదో లేదో నాకెట్ల ఎర్క? మాటిమాటికి లేచి పోవాలె గద," అంది. దానికి నా దగ్గర నిబంధన లేదు.

కొన్నాళ్ళకు ఐలయ్య మళ్ళీ వచ్చాడు. ఆమె డబ్బా మూతకు దారం కట్టిందనీ, తెగితే నింద తన మీదికి వస్తుందనీ చెప్పాడు. వెళ్ళి చూశాను. తగరపు డబ్బా సరైన ఎత్తులోనే ఉంది. మూత నుంచి పేనిన దారం గోడ మీదుగా, కిటికీలోంచి లోపలికి పోయింది. ఆనాటి ఉత్తరం వెయ్యమని ఐలయ్యకు చెప్పి, నేను మగ్గం పక్కన నిలబడ్డాను.

వెలుతురులో దూది నలుసులు తేలుతున్నాయి. ఆమె కళ్ళెదుట వేలాడుతున్న ఎర్ర నూలు కుచ్చు ఒక్కసారి పైకి లేచి, నెమ్మదిగా కిందికి దిగింది. మగ్గం ఆగింది. అడ్డపోగు వేసే నాడె ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"అచ్చింది," అంది, ఈసారి మెల్లగా.

మూత తేలిగ్గా తెరుచుకుంటోందనీ, దారం చేతికి అడ్డు కాదనీ, బట్వాడా కొనసాగించవచ్చనీ రిపోర్టు రాశాను. దారం సంగతి పై అధికారి అడిగితే, వద్దన్న నిబంధన ఏదీ లేదన్నాను. ఆ తర్వాత ఐలయ్య, ఉత్తరం లేని రోజున మూతకు పొరపాటున కూడా చెయ్యి తగలకుండా సందు అవతలి పక్కన నడిచి వెళ్ళడం నేను చూశాను.

మా నిబంధనలు ఉత్తరం వేసే చేతిని చూసి రాసినవి. అందుకునే మనిషి ఎక్కడ కూర్చుంటుందో వాటిలో ఉండదు. అప్పటినుంచి ఏ ఇంటికి డబ్బా చూడబోయినా, ఇంటివాళ్ళు రోజంతా ఎక్కడ పని చేసుకుంటారో ముందు అడిగి, ఆ తర్వాతే ఎత్తు కొలిచాను.