ఎర్రదారం కట్ట

మున్సిపాలిటీ వాళ్లు ఇంటింటికీ ఒక కాగితం పంచారు. పాత పేపర్లు ఎలా ఇవ్వాలో అందులో ఉంది. తడవకూడదు. నూనె, కూర అంటకూడదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టకూడదు. దారంతో కట్ట కట్టి గురువారం పొద్దున గేటు ముందు పెట్టాలి.

మా గల్లీలో దాన్ని పైకి చదివి వినిపించింది నేనే. బాసరలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తారు. నాకు అరవై దాటాక మనుమరాలు మా ఇంటి ముందు గద్దె మీద కూర్చోబెట్టి దిద్దించింది. అప్పటి నుంచి చదవడానికి ఏది దొరికినా వదలను. రూల్ అంటే రూలే అని కోడలికి గట్టిగా చెప్పాను. ఆ మాటే నా కొంప మీదికి వచ్చింది.

మాది మరమగ్గాల ఇల్లు, దారానికి కరువు లేదు. చదువు రాని రోజుల్లో కాగితాలను దారం రంగుతో గుర్తుపట్టేదాన్ని. రేషన్ కార్డుకు పచ్చది, ఆసుపత్రి చీటీలకు తెల్లది, ఇంటి పట్టాకు ఎర్రది. ఒక్కోదాన్ని పాత పేపర్లో చుట్టి, కట్టి, అటక మీద పెట్టేదాన్ని. మిగతావన్నీ కొడుకు ఎప్పుడో బీరువాలోకి మార్చాడు. ఎర్రదారం కట్టను మాత్రం ముట్టనివ్వలేదు. అక్షరాలు వచ్చాక కూడా దాన్ని విప్పలేదు. దారం కనబడితే చాలు, ఇల్లు ఉన్నట్టే.

ఆ గురువారం నేను గిర్నీ నుంచి జొన్నపిండి పట్టించుకొని వచ్చేసరికి పాత పేపర్లు ఉండే అటక ఖాళీగా ఉంది.

“గీ అటక మీదియి ఏమైనయే?”

“బండికి ఇచ్చిన అత్తమ్మా. దారంతోని కట్టి పెట్టాలెనని నువ్వే సదివితివి గదా.”

“ఎర్రదారం కట్ట గూడనా?”

“అగ్గో, గదొక్కటి ముందుగాలనే కట్టి ఉండె. నువ్వే కట్టి పెట్టినవనుకున్న.”

పిండి డబ్బా పట్టుకునే గోడకు ఆనుకొని కూలబడ్డాను. ఇంటికి ఉన్నది ఆ ఒక్క కాగితమే. దానికి జిరాక్సు కూడా లేదు.

“నీ కండ్లు ఏడ పెట్టినవే?”

“పైన పేపరే ఉండె. లోపల ఏమున్నదో నాకేమెరుక?”

నిజమే. నేను ఏనాడూ చెప్పలేదు. ఆమె మీద తప్పు వెయ్యడానికి చాలా వెతికాను. దొరకలేదు.

ఆటోలో ఊరి చివర పొడి చెత్త షెడ్డుకు పోయాను. నా నడుము ఎత్తున పేపర్లు కుప్పలు పోసి ఉన్నాయి. ఐదారుగురు ఆడవాళ్లు కూర్చొని అట్టలు ఒక దిక్కు, పేపర్లు ఒక దిక్కు వేరు చేస్తున్నారు. దగ్గరుండి చూసుకునే ఆయన నా మాట సగం కూడా వినలేదు.

“లోపలికి వచ్చినంక వాపస్ ఇచ్చే రూల్ లేదు అవ్వా.”

“రూల్ నేను గూడ సదివిన బిడ్డా. పేపర్లు ఇయ్యాలెనని ఉన్నది. ఇల్లు ఇయ్యాలెనని లేదు.”

ఆడవాళ్లు నవ్వారు. అందులో ఒకామె పని ఆపి, “ఎట్లుంటది పెద్దమ్మా?” అని అడిగింది.

“ఎర్రదారం. మూడు ముళ్లు.”

“దానికి గూడ పెండ్లి చేసినవా?” అంది పక్కనామె.

అడిగినామె మాత్రం నవ్వలేదు. తను కూర్చున్న గోనెసంచి కింద చెయ్యి పెట్టి నా కట్ట తీసింది.

“పారేసే దానికి ఎవలన్న మూడు ముళ్లు ఏస్తరా? ఒక్కటి ఏస్తే ఎక్కువ. గందుకే పక్కకు పెట్టిన. నాకు సదువు రాదు, విప్పినా ఏం తెల్వది. నీదేనా సూసుకో.”

అక్కడే ముళ్లు విప్పాను. ఆ కాగితాన్ని చదవడం అదే మొదటిసారి. వేలు పెట్టి మెల్లగా చదివాను. నేతపనివాళ్లకు సర్కారు ఇచ్చిన ప్లాటు. నాలుగు దిక్కుల హద్దులు. పట్టా ఎవరికి ఇచ్చారో రాసేచోట ఒక పేరు ఉంది. తప్పు చదివాననుకొని మళ్లీ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను.

నా పేరు. మా ఆయన పేరు దాని కింద, భర్త అని రాసినచోట ఉంది. అడుగున నా వేలిముద్ర.

ఆ రోజు గుర్తుంది. కరీంనగర్‌లో ఏదో ఆఫీసుకు తీసుకుపోయి “గీడ ఏలు పెట్టు” అన్నాడు. పెట్టాను. సిరా కొంగుకు తుడుచుకున్నాను. ఎందుకని అడగలేదు, ఆయన చెప్పలేదు.

తర్వాత కొట్లాట అయినప్పుడల్లా ఒకటే మాట. “నా ఇంట్లకెళ్లి బయటికి నడువు.” రెండుసార్లు నడిచాను. చంకలో పిల్లగాణ్ని వేసుకొని మెట్‌పల్లిలో తల్లిగారింటికి పోయి, పదిమంది ముందు తల వంచుకొని తిరిగివచ్చాను. ఒకసారి వానలో, ఆయన తలుపు తీసేదాకా చూరు కింద నిలబడ్డాను. నా తలుపు ముందు.

ఆయనకు చదువు వచ్చు. ఈ కాగితాన్ని చదివే నా చేతికి ఇచ్చి ఉంటాడు. ఆయన పోయి ఆరేళ్లు. అడుగుదామంటే మనిషి లేడు.

నా పేరు మీది నుంచి వేలు తియ్యకపోయేసరికి గోనెసంచి మీది ఆమెకు అనుమానం వచ్చింది.

“ఏమైంది పెద్దమ్మా? గిది నీది కాదా?”

“నాదేనట,” అన్నాను.