గోపాల్‌పేట దారిలో నలుగురి ఆట

యాభై ఏడో ఏట నేను పాడెల్ టెన్నిస్ నేర్చుకోవడానికి కారణం మా వియ్యంకుడు. అడిగినవాళ్లకు మాత్రం షుగర్ అని చెప్పాను. షుగర్ అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

మా అమ్మాయి వనపర్తిలో ఒక దవాఖానలో నర్సు. అత్తవారిది తెలకపల్లి. కోడలు రోజూ బస్సుల్లో తిరగడం బాగాలేదని, పెళ్లయిన ఏడాదికి మామగారు ఉద్యోగం మానమన్నాడు. అల్లుడు అవుననలేదు, కాదనలేదు. అమ్మాయి ఒక సంచీ సర్దుకొని వనపర్తిలో మా ఇంటికి వచ్చేసింది. వాళ్లు వచ్చి తీసుకుపోతే తప్పు వాళ్లదని ఒప్పుకున్నట్టు. మేం తీసుకెళ్లి దించితే పిల్ల మాకు బరువైనట్టు. అందుకని మూడు నెలలుగా ఎవరి గడప ఎవరూ తొక్కలేదు. ఈ పట్టింపుల మధ్య పిల్ల కాపురం పోతుందేమోనని నాకు నిజంగా భయం పట్టుకుంది.

గోపాల్‌పేట మా రెండు ఊళ్లకూ మధ్య దారిలో ఉంటుంది. అక్కడ రోడ్డు పక్కన ఒకాయన తన పొలంలో పాడెల్ కోర్టు కట్టాడు. దుబాయిలో ఇలాంటి కోర్టుల అద్దాలు తుడిచే పనిలో చేరి, చివరికి ఆట నేర్పేదాకా ఎదిగిన మనిషి. అందరూ భాయ్ అంటారు. మా అల్లుడు ఆదివారం పూట అక్కడ ఆడుతున్నాడని విన్నాను. ఆ కోర్టు వాళ్ల ఇల్లు కాదు, మా ఇల్లూ కాదు. బూట్లు కొన్నాను. నేను వెళ్తున్నానని తెలిసి, రెండో వారం వియ్యంకుడు కూడా దిగాడు. పల్లీల వ్యాపారి, నాకంటే రెండేళ్లు పెద్ద. ఆయన కూడా షుగర్ అనే చెప్పాడు.

ఆట పెద్ద కష్టం కాదు. మధ్యలో నెట్, వెనక అద్దాల గోడ, పక్కన ఇనుప జాలి. బ్యాట్‌కు తీగలుండవు, మందంగా చిల్లుల గరిటెలా ఉంటుంది. ఆట మొదలుపెట్టేవాడు బంతిని ఒకసారి నేలకు కొట్టి, నడుముకు పైకి రానీయకుండా, అవతల ఎదురు మూలనున్న గడిలోకి పంపాలి. భుజం పైకెత్తే పని లేదు కాబట్టి మా వయసుకు సరిపోతుంది. లెక్క పదిహేను, ముప్పై, నలభై. ముప్పై తర్వాత నలభై ఐదు రావాలని వియ్యంకుడు రెండు వారాలు వాదించాడు. భాయ్ ఆ విషయం దుబాయిలో కూడా ఎవరూ తేల్చలేదన్నాడు.

నా ఇబ్బంది గోడతో. చిన్నప్పుడు మా గల్లీలో బంతి ఎవరింటి గోడకు తగిలినా ఔట్, ఆ ఇంటివాళ్లు బయటికి రాకముందే పరుగు. ఆ అలవాటుతో బంతి అద్దానికి తగలగానే నేను బ్యాట్ దించేసేవాణ్ని.

"అయిపోలేదు సార్," అనేవాడు భాయ్. "ముందు నేలమీద పడి తర్వాత అద్దానికి తగిలితే ఆట నడుస్తున్నట్టే. జర ఆగుర్రి, మీ దగ్గరికే వస్తది."

ఇంకో ఇబ్బంది మా ఇద్దరిదీ. నన్నూ వియ్యంకుణ్నీ ఒక పక్కన పెట్టి, భాయ్, అల్లుడు అవతల నిలబడ్డారు. బంతి ఇద్దరి మధ్యకు వస్తే ఒకరు నాది అని అరిచి కొట్టాలి. వియ్యంకుడి ముందు నాది అని ఎలా అరుస్తాను?

"మీరు కొట్టుర్రి బావా," అనేవాణ్ని.

"లే బావా, మీరే కానియ్యుర్రి," అనేవాడాయన.

బంతి మా మధ్య నుంచి మర్యాదగా వెళ్లిపోయేది.

"గిది ఆటనా, బంతిల వడ్డించుడా?" అన్నాడు భాయ్ ఒకనాడు.

ఇలా ఐదు ఆదివారాలు గడిచాయి. ఎండ గురించి, పల్లీల పంట గురించి మాట్లాడుకున్నాం. అమ్మాయి పేరు ఎవరూ ఎత్తలేదు. నాకు నా మీదే చిరాకు వేసేది.

ఆరో ఆదివారం భాయ్‌కి నడుము పట్టింది. నలుగురు లేకపోతే ఆట సాగదు, ఎవరినన్నా పిలవమన్నాడు. నేను మా అమ్మాయికి ఫోన్ చేశాను. అది నా తెలివి అని తర్వాత కొందరు మెచ్చుకున్నారు. ఆ రోజు ఆమెకు సెలవు, స్కూటీ ఉంది, అంతే.

అమ్మాయి వచ్చింది. మామకు నమస్తే పెట్టి, బ్యాట్ తీసుకొని భర్త పక్కన నిలబడింది. మధ్యకు వచ్చిన మొదటి బంతికే నాది అని అరిచి నా కాళ్ల దగ్గరికి కొట్టింది. రెండోది మామ కాళ్ల దగ్గరికి. మా స్కోరు చెప్పుకోవడానికేమీ లేదు.

కాసేపటికి ఆమె నెట్ దగ్గరికి వచ్చి ఆగింది.

"మామా, నేను ఇంటికొస్త. కొలువు మాత్రం మానను."

వియ్యంకుడు కొడుకు వైపు చూశాడు. అల్లుడు చేతిలోని బంతిని రెండుసార్లు నేలకు కొట్టాడు.

"పొద్దుగాల బస్టాండుల నేను దింపుత నాయినా," అన్నాడు. ఇన్ని నెలల్లో ఆ విషయం మీద అతను మాట్లాడిన మొదటి మాట అది.

వియ్యంకుడు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. ఇప్పుడు ఈయన బ్యాట్ పడేసి వెళ్లిపోతే ఇక అంతే అనుకున్నాను.

"బస్సు ఎన్ని గంటలకు?" అన్నాడాయన, వద్దనకుండా.

"ఆరింటికి మామా."

"మా ఇంట్ల ఉన్నప్పుడు తిని పోతుంటివా?"

"లేదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ లేదు మామా. తల్లిగారింటికి వచ్చిన కాడికెల్లి పొద్దుగాల ముద్ద దిగుతలేదు."

ఇన్ని నెలలూ ఆమె రోజూ పొద్దున నా ఎదురుగానే చెప్పులు వేసుకొని వెళ్లింది. తిన్నావా అని నేను ఒక్కనాడు కూడా అడగలేదు.