పదకొండు ఇళ్ల ఇంటిపేరు

ఉలిగప్ప తండ్రి చనిపోయినప్పుడు పదోనాడు మంగలి ఇరవై ఏడు తలలు గొరిగాడు. పెనుకొండ దగ్గరి ఆ పల్లెలో అప్పటికి జాజిరాళ్ల ఇంటిపేరుతో పదకొండు ఇళ్లుండేవి. ఒక ఇంట్లో చావు జరిగితే పదకొండిళ్లకూ అంటు. పది రోజులు గుడి గడప తొక్కరు, శుభకార్యం తలపెట్టరు. పదోనాడు మగవాళ్లందరూ తలలు గొరిగించుకుని స్నానం చేస్తేనే ఆ అంటు వదులుతుంది. ఒక ఇంటిపేరు ఎంత పెద్దదో ఆ ఊళ్లో తెలిసేది ఆనాడే.

ఇరవై ఏళ్ల తర్వాత, మొన్నటి ఎండాకాలంలో తల్లి అంజనమ్మ పోయేనాటికి ఆ పేరు మిగిలింది ఉలిగప్ప ఇంటికొక్కదానికే. తక్కిన పదిళ్లూ నశించలేదు. అదే వీధిలో, అంతకన్నా మంచి మిద్దెల్లో ఉన్నాయి. పేరు మాత్రం మార్చుకున్నాయి. ఆ ఊరి భూస్వాములు కొల్లకుంటవారు. హిందూపురం ఆఫీసుల్లో ఆ పేరు చెబితే కుర్చీ చూపిస్తారు. జాజిరాళ్ల అంటే మళ్లీ చెప్పమంటారు. ఆ తేడాను మొదట కనిపెట్టింది మల్లికార్జున. ఉలిగప్ప తాతా, అతని తాతా సొంత అన్నదమ్ములు. నోటరీ కాగితంతో మొదలుపెట్టి కొడుకు సర్టిఫికెట్ల దాకా అన్నిటా ఇంటిపేరును కొల్లకుంటగా మార్పించుకున్నాడు. ఒకడు దాటిన గట్టును మిగతావాళ్లు దాటడానికి ఆరేడేళ్లకు మించి పట్టలేదు. అసలు కొల్లకుంటవారు అవునన్లేదు, కాదన్లేదు. తమ ఇంట్లో చావైనప్పుడు మాత్రం ఈ కొత్తవాళ్లలో ఒక్కరినీ తల గొరిగించుకోవడానికి పిలవలేదు.

ఉలిగప్ప పేరు మార్చుకోలేదంటే అది పూర్వుల మీది గౌరవమని ఎవరూ పొరబడనక్కర్లేదు. మల్లికార్జునతో అతనికి చేని గట్టు తగాదా ఉంది. అతడు చేసిన పని తాను చేయడు, అంతే. తల్లి బతికుండగా వసారాలో అన్నం గిన్నె పెట్టడం తప్ప ఆమెతో మాట్లాడింది తక్కువ. ఇద్దరు కూతుళ్లు పెళ్లిళ్లై వేరే ఇంటిపేర్లలోకి వెళ్లిపోయారు. అయినా తల్లి పోయిన రోజు అతనికొక కోరిక పుట్టింది: తండ్రికి గొరిగిన తలలన్నీ తల్లికీ గొరగాలి. అందరికన్నా ముందు మల్లికార్జున తల.

పది ఇళ్లకూ కబురు పంపాడు. అందరూ వచ్చారు, మట్టి వేశారు, ఇళ్లకు పోయి నీళ్లు పోసుకుని మామూలుగా తిరిగారు. మల్లికార్జున కొడుకు ప్రవీణ్ పెళ్లి సరిగ్గా ఆరో రోజున, ధర్మవరంలో. మట్టి వేసిన మర్నాడు మల్లికార్జున వచ్చి గొంతు తగ్గించి, పెద్దమ్మ పోయినందుకు తనకూ బాధేననీ, పెళ్లి ఆగితే ఆ సంబంధం తప్పిపోతుందనీ చెప్పుకొచ్చాడు. ఎవరైనా అడిగితే తమ రెండిళ్లకూ ఏ సంబంధమూ లేదని చెప్పమన్నాడు.

"మా నాయన పోయినప్పుడు నీ తల గొరిగించుకుంటివి గదరా. అది యాడికి పోయె?" అన్నాడు ఉలిగప్ప.

"యెంటికలు మళ్లా మొల్సినాయి గదన్నా."

మూడో రోజు పెళ్లికూతురి తండ్రి వేణుమాధవ్ కారులో దిగాడు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఆయనది. మట్టికి వచ్చినవాళ్లలో ఎవరో ఆయన చెవిన మాట వేశారు. వెనకే మల్లికార్జున పరుగున వచ్చాడు. శవాన్ని పడుకోబెట్టిన చోట దీపం వెలుగుతూనే ఉంది.

"పెద్దాయనా, మా పాప బతుకు. అంటులో తాళి కట్టించలేను. ఈయన మీ దాయాదేనా?" అని అడిగాడు వేణుమాధవ్.

అవునంటే పెళ్లి ఆగుతుంది. కానీ పెళ్లి ఆగినంత మాత్రాన మల్లికార్జున తల వంచి మంగలి ముందు కూర్చోడు. కాదంటే, తల్లి దీపం ముందు అబద్ధం తనదవుతుంది. ఉలిగప్ప ఆ భారాన్ని మోయవలసినవాడి మీదికే నెట్టాడు.

"నేను జాజిరాళ్లోన్ని. ఆయన ఎవురో ఆయన్నే అడగప్పా. ఈడే, నా ఎదురుగానే చెప్పమను."

కొడుకు పెళ్లి పెట్టుకున్నవాడు చావు దీపం ముందు సంబంధం లేదని అబద్ధం చెప్పలేడని ఉలిగప్ప లెక్క. మనిషి గురించి అతనికి తెలిసింది తక్కువ. మల్లికార్జున దీపం వైపు ఒకసారి చూశాడు.

"మేము కొల్లకుంటోళ్లం. ఈయప్పకూ మాకూ ఏ సంబంధమూ లేదు. ఒకే ఊరోళ్లం గాబట్టి మట్టికొస్తిమి."

వేణుమాధవ్ నమ్మాడో లేదో చెప్పలేను. మండపం కుదిరింది, పత్రికలు పంచారు. ఆయన వినడానికి వచ్చిన మాట ఆయనకు దొరికింది. పెళ్లి జరిగింది. తమకూ అంటు లేదనుకోవడానికి ఆ ఒక్క మాట తక్కిన తొమ్మిదిళ్లకూ గొడుగైంది.

పదోనాడు మంగలి ఆంజనప్ప పొద్దున్నే వచ్చి, కొత్త బ్లేళ్ల పెట్టె విప్పి, ఇంకెవరన్నా రావాలా అని అడిగాడు. మొదలుపెట్టమన్నాడు ఉలిగప్ప. కాసేపట్లో పని ముగిసింది. స్నానం చేసి వచ్చి, భార్య యశోదను పిలిచాడు.

"రేప్పొద్దున నేను పోతే ఆ వీధికి కబురంపాకు. ఒక్కడూ రాకూడదు."

యశోద అత్తగారి గిన్నె తోముతూ తల ఎత్తలేదు.

"అంపను. మోసేదానికి నలుగురు ఎవురో, అది గూడా నువ్వే చెప్పి పో."

ఉలిగప్ప వీధి వైపు చూశాడు. నలుగురి పేర్లు లెక్కపెట్టడానికి మడిచిన మొదటి వేలును మళ్లీ చాపేశాడు.